గోధుమ మీద వేసిన నింద

మొన్న అటక దులుపుతుంటే ఒక కాగితాల కట్ట దొరికింది. పైన పెద్ద అక్షరాలతో "గోధుమ జబ్బు ఉన్నవారు తినకూడనివి" అని ఉంది. కింద పదహారు పదార్థాల పేర్లు, అడుగున నా పేరు, ఆ పేరు వెనక నా డిగ్రీలు. పదార్థాలకన్నా డిగ్రీలే ఎక్కువ చోటు ఆక్రమించాయి. కట్టలో సగానికి పైగా మిగిలే ఉంది. మిగిలినందుకు సంతోషించాను. మిగలనివి ఎవరెవరి ఇళ్ళలో ఏ క్యాలెండరు వెనక ఉన్నాయో తలుచుకున్నాక ఆ సంతోషం నిలవలేదు.

కొత్తగా బోర్డు కట్టుకున్న డాక్టర్లు అప్పుడప్పుడు నన్ను చూడ్డానికి వస్తారు. "సార్, మీరు పట్టుకున్న గొప్ప కేసు ఒకటి చెప్పండి" అంటారు. నేను పట్టుకున్నవన్నీ వాళ్ళ పుస్తకాల్లో ఉన్నాయి, నాకంటే బాగా ఉన్నాయి. నా చేతిలోకి వచ్చి జారిపోయిన కేసు మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. అందుకని అది చెబుతాను.

పలాసలో ముప్పై ఏళ్ళు చిన్న క్లినిక్ నడిపాను. వీధి చివర జీడిపప్పు కార్ఖానా. గింజలు కాల్చే రోజున ఆ పొగకి నాతో సహా అందరం దగ్గేవాళ్ళం. రోగి దగ్గు ఏదో, కార్ఖానా దగ్గు ఏదో తెలుసుకోవడమే నాకు వచ్చిన మొదటి విద్య. ఆ విద్యనైనా చివరిదాకా నిలబెట్టుకుని ఉంటే ఇది రాయాల్సిన పని ఉండేది కాదు.

ఉద్దానం సంగతి తెలియనివాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. మా ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఇంటింటినీ తాకింది. నూతి నీళ్ళవల్లేనని జనం అనుమానం. క్రియాటినిన్ అనే మాట బడి మొహం చూడని ముసలమ్మకి కూడా తెలుసు. కాలికి ముల్లు గుచ్చుకుని వచ్చినవాడు కూడా "కిడ్నీ కాదు కదా బాబూ?" అనే అడుగుతాడు. కాదు అన్నామంటే ఆ మొహంలో వచ్చే వెలుగు చూడాలి. ఆ వెలుగులో డాక్టరు ఇంకే జబ్బు పేరు చెప్పినా చెల్లిపోతుంది. కిడ్నీ కానిదేదీ వాళ్ళకి జబ్బు కాదు. ఈ సౌకర్యాన్ని నేను చాలా ఏళ్ళు వాడుకున్నాను.

ఆ ఏడాది విశాఖపట్నంలో డాక్టర్ల సదస్సు జరిగింది. ఉత్తరాది నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు సీలియాక్ జబ్బు గురించి గంటసేపు మాట్లాడారు. గోధుమలో గ్లూటెన్ అనే జిగురు ఉంటుంది. కొందరి ఒంట్లో అది పడగానే శరీరం తన పేగు మీద తానే దాడి చేస్తుంది. పేగు లోపల మఖమల్ గుడ్డ మీది నూగులా ఉండే పొర అరిగిపోతుంది. తిన్నది ఒంటికి పట్టదు. విరేచనాలు, కడుపుబ్బరం, నీరసం, రక్తహీనత, బరువు తగ్గడం. పెద్దాయన చివర్లో ఒక హెచ్చరిక కూడా చేశారు. ఇవే లక్షణాలు ఇంకా చాలా జబ్బులకి ఉంటాయి, తొందరపడకండి, గోధుమ మాన్పించకముందే రక్తపరీక్ష చేయండి, అవసరమైతే గొట్టం వేసి పేగు ముక్క తీసి చూడండి అని. ఆ హెచ్చరిక వచ్చేసరికి భోజనాల గంట కొట్టారు. నేను లైనులో ముందుండాలని లేచిపోయాను.

ఇంటికి రాగానే మా ఆవిడ నా మొహం చూసి, "ఈసారి ఏం తెచ్చారు?" అని అడిగింది.

"ఏం తేలేదే."

"మీరు సదస్సుకి వెళ్ళొచ్చినప్పుడల్లా ఊరికి కొత్త జబ్బు వస్తుంది. పోయినేడు విటమిన్ డి తెచ్చారు. ఎండలో పుట్టి ఎండలో పెరిగిన జాలరివాళ్ళందరికీ ఎండ చాలదని రాసిచ్చారు."

నవ్వి ఊరుకున్నాను. మర్నాటి నుంచి పలాసలో గోధుమకి గడ్డురోజులు మొదలయ్యాయి.

అన్నం తినే ప్రాంతంలో గోధుమ జబ్బు వెతకడానికి చాలా పట్టుదల కావాలి. నాకు ఉంది. మందస నుంచి ఒక చక్కెర వ్యాధి ఆయన విరేచనాలతో వచ్చాడు. రాత్రిపూట అన్నం మానేసి చపాతీ తింటున్నానన్నాడు. దొరికాడనుకున్నాను. ఆయనకి నెల కిందట చక్కెర మాత్ర మోతాదు రెట్టింపు చేశాననీ, ఆ మాత్రకి విరేచనాలు మామూలేననీ నాకు గుర్తు రాలేదు. టెక్కలి బస్సు ఎక్కే ముందు మాత్రమే కడుపు కలవరపడే ఒక బడిపంతులు వచ్చారు. ఆయన పేగుకి గోధుమతో పేచీ లేదు, హెడ్మాస్టరుతోనే పేచీ. ఆయనకీ కాగితం ఇచ్చాను. నిజమైన సీలియాక్ రోగి ఒక్కరే వచ్చారు. రైల్వే ఉద్యోగి భార్య, పంజాబు వైపు ఆవిడ. అదీ నేను కనిపెట్టింది కాదు. అక్కడి డాక్టర్లు తేల్చిన ఫైలుతో సహా వచ్చింది, జలుబుకి మందు కోసం.

క్లినిక్‌లో నాతోపాటు ఇద్దరు పనిచేసేవారు. ఒకాయన కాంపౌండరు, నాకంటే ఐదేళ్ళు పెద్ద. కొత్త జబ్బు వచ్చిందంటే ఆయనకి కొత్త సినిమా వచ్చినంత సంబరం. వరండాలో కూర్చున్నవాళ్ళకి నేను చూడకముందే "నీది గోదుమ కేసులాగుంది, బిస్కెట్లు తింతన్నావేటి?" అని సగం వైద్యం పూర్తి చేసేవాడు. రెండో మనిషి ల్యాబ్ చూసుకునే ఆవిడ. రోజూ మందస నుంచి బస్సులో వచ్చేది. తక్కువ మాట్లాడేది. ఆమె మౌనంగా ఉందంటే నేనేదో తప్పు చేస్తున్నట్టు. ఇది నాకు అర్థం కావడానికి పద్నాలుగేళ్ళు పట్టింది.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున్న వజ్రపుకొత్తూరు వైపు పల్లె నుంచి ఒక కొబ్బరి రైతు కూతుర్ని తీసుకుని వచ్చాడు. పిల్ల డిగ్రీ చదివింది. పోలీసు కానిస్టేబులు ఉద్యోగానికి రాతపరీక్ష గట్టెక్కింది. ఇక పరుగు, కొలతలు మిగిలాయి. ఆ ఏడు దాటితే వయసు మించిపోతుంది. పరుగులో ఆమెని అందుకునేవాళ్ళు లేరట. చిక్కు ఒక్కటే. ఆడపిల్లలకి బరువు నలభై కిలోలకి తగ్గకూడదు. రెండు నెలల కిందట నలభై ఐదు ఉండేది. నా గదిలో యంత్రం ఎక్కిస్తే నలభై రెండున్నర చూపించింది.

తండ్రి అందరిలాగే మొదలుపెట్టాడు. "కిడ్నీ కాదు కదా బాబూ? అదొక్కటి సెప్పీయండి. మిగిలిందేదైనా పడతాం."

క్రియాటినిన్ చేయించి చూశాను. బాగుంది. చెప్పాను.

"సాలు బాబూ, సాలు." ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. "మరి మా ఇంట్లో అందరం కొన్న టిన్ను నీళ్ళే తాగుతన్నాం. కుండ బోర్లించీసి ఏడేళ్ళయింది. మా గుంట నోట్లో నూతి నీళ్ళు పడనివ్వలేదు" అని కూతురి వైపు చూపించాడు.

నీళ్ళ గురించి అడగాల్సిన ప్రశ్నకి అడక్కుండానే జవాబు వచ్చేసింది. ఆ ప్రశ్న కొట్టేశాను.

"ఏం తింటున్నావమ్మా?"

"పొద్దున్న సద్దన్నం సార్. మద్దేనం అన్నం. రేత్రికి మా కోచింగ్ సార్ సెప్పినట్టు మూడు సపాతీలు, గ్లాసు పాలు. అప్పట్నుంచీ కడుపు ఉబ్బరంగా ఉంతంది. పొద్దున్నే మూడు నాలుగు సార్లు..." అని తల దించుకుంది.

చపాతీ అన్న చోటే నా చెవులు మూతపడ్డాయి. పాలు అన్న మాట గుమ్మం దాకా వచ్చి, లోపల ఎవరూ లేరనుకుని వెళ్ళిపోయింది.

ల్యాబ్ ఆవిడ క్రియాటినిన్ కాగితం ఫైల్లో పెట్టడానికి వచ్చి, నెమ్మదిగా అడిగింది. "సార్, మోషన్ పరీక్ష కూడా రాస్తారా?"

"ఎందుకమ్మా? ఇది పెద్ద జబ్బు" అన్నాను.

పెద్ద జబ్బుకి అంత చిన్న పరీక్ష చేయిస్తే దాని పరువు పోతుందన్నట్టు అన్నాను. ఆమె మాట్లాడలేదు. చెప్పానుగా, ఆ మౌనం.

గోధుమ కాగితం ఇచ్చాను. చపాతీ మానిపించాను కాబట్టి బలం తగ్గకూడదని, ఆ స్థానంలో పాలు పెంచమన్నాను. పూటకో గ్లాసు, రోజుకి మూడు. ఈ సలహా నేనే ఇచ్చాను, కాగితం మీద నా చేత్తోనే రాశాను. దీన్ని ఎవరి మీదికీ నెట్టడానికి వీల్లేదు.

పది రోజుల తరవాత వచ్చారు. నలభై ఒకటిన్నర. అప్పుడు గానీ నాకు సీలియాక్ రక్తపరీక్ష గుర్తు రాలేదు. విశాఖపట్నం ల్యాబుకి పంపించాను. సదస్సులో పెద్దాయన చెప్పిన వరస తలకిందులైంది. గోధుమ మానేశాక పరీక్ష చేస్తే, నిజంగా జబ్బు ఉన్నవాళ్ళకి కూడా అది బయటపడకపోవచ్చు. ఫలితంలో ఏమీ లేదని వచ్చింది. నేను దాన్ని తండ్రికి ఎలా చెప్పానో వినండి.

"చూశారా, పథ్యం పనిచేస్తోంది."

జబ్బు ఉందని వస్తే నా మాట నిజం. లేదని వస్తే నా వైద్యం గొప్ప. ఓడిపోయే దారి ఒక్కటి కూడా లేకుండా కట్టుకున్న కోట అది. ఆ కోటలో నేను హాయిగానే ఉన్నాను. పిల్ల మాత్రం యంత్రం మీద ఉంది.

ఆ కాగితాన్ని వాళ్ళు నాకంటే నిష్ఠగా పాటించారు. రావివలస కొండకి మొక్కు తీర్చుకోవడానికి వెళ్తే ఎవరో రవ్వకేసరి చేతిలో పెట్టారట. పిల్ల వెనక్కి ఇచ్చేసింది. "దేవుడి పెసాదం వద్దంతావేటే? ఆ డాట్రు దేవుడికంటే పెద్దోడేటి?" అని నాయనమ్మ దారి పొడుగునా తిట్టిందట. తండ్రి ఇది నాకు గర్వంగా చెప్పాడు. నేనూ గర్వంగానే విన్నాను. పాలకోసం పక్కింట్లో వాడుక పెట్టారు. పిల్ల ముక్కు మూసుకుని తాగుతోంది. తాగిన గంటకి కడుపు డప్పులా మోగుతోంది. "మందు కదమ్మా, అలాగే ఉంటుంది" అన్నాను.

నలభై ఒకటి. నలభైన్నర. సరిగ్గా నలభై.

ఆ రోజు యంత్రం దిగి ఆమె నన్ను అడిగింది. "సార్, ఇంకో నెలన్నా లేదు. గోదుమ మానీసినాను కదా. మరెందుకు దిగిపోతంది?"

"పేగు కోలుకోవడానికి టైము పడుతుంది" అన్నాను. అది పుస్తకంలో ఉన్న మాటే. ఉన్న మాటని లేని చోట వాడితే అబద్ధమవుతుంది.

తరవాతి సోమవారం కాంపౌండరు పెళ్ళికొడుకు వచ్చినంత హడావిడిగా గదిలోకి వచ్చాడు. "సారూ, గోదుమ బేచీ వొచ్చీసింది! ఆటో నిండా ఉన్నారు."

కొబ్బరి రైతు, ఆయన కూతురు, వాళ్ళతోపాటు మరో ముగ్గురు అమ్మాయిలు. అందరూ కానిస్టేబులు పరీక్షకి తయారవుతున్నవాళ్ళే.

"ఈళ్ళకీ అదే జబ్బు బాబూ" అన్నాడు తండ్రి. "ముందే మీకాడికి తెచ్చీసినాను. మా గుంటకి రాసిచ్చిన కాయితాలే ఇంకో మూడు ఇచ్చీయండి. ఎల్లిపోతాం."

నేను ఆ క్షణంలో ఏం ఆలోచించానో దాచుకోను. ఒకే పల్లె, నలుగురు రోగులు, అన్నం తినే ప్రాంతంలో సీలియాక్. వచ్చే సదస్సులో చదవబోయే వ్యాసానికి పేరు కూడా పెట్టేసుకున్నాను. వేదిక మీద నేను, ముందు వరసలో ఆ పెద్దాయన. మనసు అంత దూరం వెళ్ళాక వెనక్కి పిలవడం కష్టం.

వరసగా పేగుల సంగతి అడిగాను. అందరిదీ ఒకటే కథ. ఉబ్బరం, విరేచనాలు, నీరసం. చివరి పిల్ల కొంచెం గడుసుది. ఆమెని చపాతీల గురించి అడిగాను.

"సపాతీనా? నాకు దాని వాసనే పడదు సార్. ఎప్పుడూ తిన్లేదు."

"పూరీ? బ్రెడ్డు? మైదాతో చేసినవి?"

"గోడల మీద సినిమా కాయితాలు అంటించడానికి మైదా ఉడకబెడతారు కదా, అదే సూసినాను సార్. తిన్నది నేదు."

మిగతా పిల్లలు కిసుక్కుమన్నారు. కాంపౌండరు మాత్రం ఓటమి ఒప్పుకోలేదు. "వాసన పీల్చినా వొచ్చీస్తాదేమో సారూ" అన్నాడు.

ల్యాబ్ ఆవిడ రక్తం తీసే పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "సార్, ఒక్క మాట. ఈ గోధుమ జబ్బు ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుందా?"

"అంటుకోదు" అన్నాను. వైద్య కళాశాల మొదటి ఏడు పిల్లవాడైనా చెప్పే జవాబు. చెప్పాక నా జవాబు నాకే వినపడింది.

ఆమె ఇంకేమీ అనలేదు. పళ్ళెంలో దూది సర్దుకుంటూ నిలబడింది.

కలం కింద పెట్టాను. "మీ నలుగురూ కలిసి ఏం తింటారమ్మా?"

"ఏటీ తినం సార్. పరుగెడతాం" అంది గడుసు పిల్ల.

"ఎక్కడ?"

"అక్కుపల్లి ఇసకలో. ఇసకలో పరుగెడితే కాలికి బలమని సెప్పినారు."

"పరుగయ్యాక?"

"సరుగుడు తోటలో కూకుంటాం."

"దాహం వేస్తే?"

"సెలమ తవ్వుకుంటాం సార్. సేత్తో మూడు జానలు తవ్వితే ఎంత తియ్యటి నీళ్ళు పడతాయో! సముద్రం పక్కనే అంటే ఎవులూ నమ్మరు."

"మరి టిన్ను నీళ్ళు?"

రైతు కూతురు నావైపు వింతగా చూసింది. "ఇరవై లీటర్ల టిన్ను నెత్తిన ఎట్టుకుని పరుగెడతామేటి సార్?"

అందరూ నవ్వారు. తండ్రి నవ్వలేదు. "సెలమ నీళ్ళు తాగుతన్నావా?" అని కూతురివైపు తిరిగాడు. "ఇంటికాడ నేను డబ్బాలు మోసి సత్తంటే?"

"బయటి నీళ్ళు కదా నాన్నా. మన ఊరి నీళ్ళు కాదు కదా."

ఆ తోటలోకి పల్లెవాళ్ళు పొద్దున్నే చెంబులు పట్టుకుని ఎందుకు వెళ్తారో ఆ గదిలో అందరికీ తెలుసు. వాన కురిస్తే అదంతా ఎక్కడికి దిగుతుందో కూడా తెలుసు. ఉద్దానంలో నీళ్ళంటే కిడ్నీ భయం ఒక్కటే. ఆ భయం ఇంటి గడప దగ్గర కాపలా కాస్తుంది. గడప దాటాక నీళ్ళు మళ్ళీ నీళ్ళే అయిపోతాయి. ఇందులో వాళ్ళ తప్పు ఎంత ఉందో తెలీదు. నేను మాత్రం ఆ గడప దగ్గరే ఆగిపోయిన డాక్టర్ని.

మర్నాడు నలుగురూ చిన్న డబ్బాలు తెచ్చారు. నల్ల కవర్లో చుట్టి, ఆ కవరుని సంచిలో పెట్టి, ఆ సంచిని చున్నీ కింద దాచి తెచ్చారు. కాంపౌండరు ముక్కు మూసుకుని, "గోదుమ జబ్బయితే ఈ ఖర్మ ఉండేది కాదు" అన్నాడు. మధ్యాహ్నానికి ల్యాబ్ ఆవిడ పిలిచింది.

సూక్ష్మదర్శినిలో చూశాను. జీడిమామిడి పండు ఆకారం. పైన వెడల్పు, కింద సన్నం. పైభాగంలో రెండు కళ్ళు. ఎండుటాకు రాలుతున్నట్టు తొణుకుతూ కదులుతోంది. జియార్డియా అనే పరాన్నజీవి, పాడైన నీళ్ళలోంచి వచ్చేది. చిన్నపేగు గోడని పట్టుకుని కూర్చుని తిన్నది ఒంటికి పట్టనివ్వదు. చాలా చోట్ల సీలియాక్ వేషం వేసుకుని తిరుగుతుంది. అది పేగులో ఉన్నన్నాళ్ళూ పాలు అరిగే శక్తి కూడా తగ్గుతుంది. అంటే పురుగు పిల్లని ఒకవైపు నుంచి తింటుంటే, రెండోవైపు నుంచి నేను మూడు గ్లాసుల పాలతో సాయం చేశాను. నలుగురిలో ముగ్గురికి ఆ రోజే కనిపించింది, నాలుగో పిల్లకి మూడో రోజు నమూనాలో కనిపించింది. ఆ రెండు కళ్ళూ కిందినుంచి నన్నే చూస్తున్నట్టు అనిపించింది. అంత చిన్న ప్రాణి నన్ను చూసి ఏమనుకుందో!

మందు చాలా మామూలుది. ఏ మందుల షాపులోనైనా దొరికేది. పాలు కొన్నాళ్ళు మానమన్నాను. చపాతీలు తినమన్నాను.

ఇక్కడ రెండో తప్పు చేశాను. మొదటిది తెలివితక్కువ తప్పు. ఇది తెలివైన తప్పు, అందుకే దీనికే ఎక్కువ సిగ్గుపడుతున్నాను. తండ్రి అడిగాడు, "అయితే బాబూ, గోదుమ జబ్బు కాదా?"

"అది తగ్గిపోయింది. ఇప్పుడు ఇంకొకటి వచ్చింది. దీనికీ మందు ఉంది" అన్నాను.

ఆయన రెండు చేతులూ జోడించాడు. "మీ సెయ్యి మంచిది బాబూ. ఒకటి తగ్గించి రెండోది పట్టుకున్నారు."

ల్యాబ్ ఆవిడ గదిలోంచి వెళ్ళిపోయింది. తలుపు కాస్త గట్టిగా వేసింది.

మందు మొదలుపెట్టిన రోజున పిల్ల బరువు ముప్పై ఎనిమిదిన్నర. కొలతలకి పదమూడు రోజులే ఉంది. నాలుగో రోజుకి విరేచనాలు ఆగాయి. ఆకలి తిరిగి వచ్చింది. తండ్రి రోజూ ఫోను చేసి, "ఇయ్యాల రెండుసార్లు అన్నం పెట్టించుకుంది బాబూ" అని లెక్క చెప్పేవాడు. నేను కూడా ఆ ఫోను కోసం చూసేవాణ్ణి. ముప్పై తొమ్మిది. ముప్పై తొమ్మిది మీద కొంచెం. ఒక రోగి బరువు కోసం నేను అంతలా కాచుకోవడం అదే మొదటిసారి. కాచుకోవాల్సింది రెండు నెలల ముందు.

కొలతల రోజున మైదానం గేటు బయట అమ్మాయిలందరూ అరటిపళ్ళు తిని, సీసాలకి సీసాలు నీళ్ళు తాగారట. బరువు కోసం అది అక్కడ మామూలేనట. మా పిల్ల కూడా డజను తింది. యంత్రం ఎక్కింది. ముప్పై తొమ్మిది కిలోల ఆరు వందల గ్రాములు.

బరువు చూసిన ఉద్యోగి మంచివాడేనట. దిగి మళ్ళీ ఎక్కమన్నాడు. మళ్ళీ అంతే.

మిగతా ముగ్గురిలో ఇద్దరు నెగ్గారు. అందులో మైదా మాట చెప్పిన గడుసు పిల్ల ఒకతి. వాళ్ళకి జబ్బు ఆలస్యంగా మొదలైంది, వైద్యం త్వరగా అందింది. ముందు నా దగ్గరికి వచ్చిన పిల్లే వెనకబడింది.

వారం తరవాత ఆమె ఒక్కతే క్లినిక్‌కి వచ్చింది. జబ్బు కోసం కాదు. పాత రిపోర్టులు కావాలంది. అవి ఇస్తూ, ఇక ఉండబట్టలేక నిజం చెప్పేశాను. నీకు గోధుమ జబ్బు ఎప్పుడూ లేదు, నేను తప్పు చేశాను, పాలు పెంచి ఇంకా చెరిచాను, ఆపైన మీ నాన్నకి అబద్ధం చెప్పాను అని. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

ఆమె రిపోర్టులు మడిచి సంచిలో పెట్టుకుంది. "నాకు తెలుసు సార్. ల్యాబ్ అక్క ఆరోజే సెప్పింది. మీరు సెప్తారో లేదో సూద్దామని ఒచ్చినాను."

నేను కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాను.

"మీరు సానా అడిగినారు సార్. ఏం తింతన్నావు, ఎప్పుడు తింతన్నావు, ఎన్ని తింతన్నావు. ఎక్కడ తాగుతన్నావని ఒక్కపాలి అడగలేదు." లేచి నిలబడింది. "అడుగుంటే సెప్పుదును కదా."

ఆ మధ్యాహ్నం గోధుమ కాగితాల కట్ట అటక ఎక్కింది. మందస చక్కెర ఆయన్ని పిలిపించి మాత్ర మార్చాను. విరేచనాలు ఆగాయి. బడిపంతులు గారికి బదిలీ అయింది. అందులో నా గొప్ప ఏమీ లేదు. సదస్సులో చదవాలనుకున్న వ్యాసం రాయలేదు. రాయాల్సింది వేరే వ్యాసం. అది ఏ సదస్సులోనూ చదవనివ్వరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. ల్యాబ్ ఆవిడకి మాత్రం ఒక మాట ఇచ్చాను. ఆమె మౌనంగా నిలబడితే నేను ప్రిస్క్రిప్షన్ ఆపేస్తానని. క్లినిక్ మూసేదాకా ఆ మాట నిలబెట్టుకున్నాను. చాలా ప్రిస్క్రిప్షన్లు ఆగిపోయాయి.

రెండేళ్ళ కిందట క్లినిక్ మూసేశాను. సామాన్లు ఎవరెవరో తీసుకెళ్ళారు. బరువు తూచే యంత్రం కోసం ఆ పిల్లే వచ్చింది. పిల్ల అనకూడదేమో, పెళ్ళయింది, కొడుకు ఉన్నాడు. అక్కుపల్లి ఇసకలో ఆడపిల్లలకి పరుగు నేర్పుతోందట. నలభై కిలోల లెక్క ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు? యంత్రాన్ని ఆటోలో వేసుకుని, "ఒకపాలి రండి సార్, సూద్దురు గాని" అని వెళ్ళింది.

వెళ్ళాలంటే మొహం చెల్లక చాలాకాలం వెళ్ళలేదు. పోయిన నెల ఒక పొద్దున్న వెళ్ళాను. ఇసకలో పదిహేను మంది దాకా పరుగెడుతున్నారు. సరుగుడు చెట్ల నీడలో ఒక బల్ల, బల్ల మీద నా యంత్రం, పక్కనే కుళాయి డబ్బా మీద తిరగేసిన ఇరవై లీటర్ల టిన్ను. కొత్తగా వచ్చిన అమ్మాయి ఒకతి యంత్రం ఎక్కబోతుంటే ఆమె ఆపింది. "ఆగే. ముందు నిన్న ఎక్కడెక్కడ నీళ్ళు తాగినావో సెప్పు. అప్పుడు ఎక్కు."

నన్ను చూసి కుర్చీ వేసింది. ఎండలో వచ్చానని గ్లాసుతో నీళ్ళు తెచ్చి చేతికిచ్చింది. గ్లాసు పెదవి దాకా తెచ్చి, అలవాటుగా నా నోట్లోంచి మాట వచ్చేసింది.

"ఎక్కడి నీళ్ళమ్మా ఇవి?"

ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని నన్ను తేరిపార చూసింది. పిల్లలందరూ వినేలా పకపకా నవ్వింది.

"ఇప్పుడా సార్ అడగడం?"

నీళ్ళు తాగేశాను.